జోడీ కుదిరిపోయాక మిగిలేదేమిటి? పోలీసు కామెడీ సీక్వెల్స్ వెనక కథ

2024లో నెల రోజుల తేడాతో రెండు పాత హాలీవుడ్ పోలీసు సినిమాలు మళ్ళీ తలుపు తట్టాయి. జూన్‌లో 'బ్యాడ్ బాయ్స్' నాలుగో భాగం థియేటర్లకు వచ్చింది. జూలైలో 'బెవర్లీ హిల్స్ కాప్' నాలుగో భాగం నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. ఇలాంటి సినిమా ఎప్పుడొచ్చినా చూసేవాళ్ల నోట వచ్చే ప్రశ్న ఒకటే: మొదటిదాని అంత ఉందా? జవాబు ఎక్కువసార్లు లేదనే.

నటులు వాళ్లే, ఒక్కోసారి దర్శకుడూ ఆయనే, పైగా బడ్జెట్ రెండింతలో మూడింతలో అవుతుంది. అయినా ఎందుకు తేలిపోతుంది? నిర్మాతల డబ్బాశ, రాసేవాళ్ల బద్ధకం అని తేల్చేయడం తేలిక. అందులో నిజం లేకపోలేదు. కానీ అసలు చిక్కు ఈ తరహా కథ పుట్టుకలోనే ఉందని నా నమ్మకం. ఉప్పూ నిప్పూలా ఉన్న ఇద్దరు చివరికి పాలూ నీళ్లలా కలిసిపోవడమే ఇక్కడ కథ. ఆ కలయికతో మొదటి సినిమా పూర్తవుతుంది. రెండో సినిమా మొదలయ్యేసరికి వాళ్లు అప్పటికే స్నేహితులు.

ఈ తరహాకు మూలం వెతుకుతూ చాలామంది 1949లో వచ్చిన అకిరా కురొసావా 'స్ట్రే డాగ్' దాకా వెళ్తారు. పోగొట్టుకున్న తుపాకీ కోసం ఎండాకాలపు టోక్యో వీధుల్లో తిరిగే కుర్ర డిటెక్టివ్‌గా తొషిరో మిఫునే, అతన్ని నిదానంగా దారిలో పెట్టే పెద్ద డిటెక్టివ్‌గా తకాషి షిమురా నటించారు. అందులో హాస్యం దాదాపు లేదు. కానీ తొందరపాటు ఒకరిది, నిదానం మరొకరిది అన్న అమరిక అక్కడే కనిపిస్తుంది.

1967లో వచ్చిన 'ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్' ఆ అమరికలోకి జాతి వివక్షను తెచ్చింది. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన నల్లజాతి డిటెక్టివ్ వర్జిల్ టిబ్స్‌గా సిడ్నీ పోయిటియర్, మిసిసిపీలోని చిన్న ఊరి తెల్లజాతి పోలీసు అధికారిగా రాడ్ స్టైగర్ నటించారు. ఉత్తమ చిత్రం ఆస్కార్‌తో పాటు స్టైగర్‌కు ఉత్తమ నటుడి అవార్డూ వచ్చింది. తర్వాత 1970లో, 1971లో టిబ్స్ పాత్రతో మరో రెండు సినిమాలు తీశారు. వాటిలో స్టైగర్ లేడు, ఆ ఊరూ లేదు. టిబ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పనిచేసే అధికారి అయిపోయాడు. అతన్ని అసహ్యించుకుంటూనే అతని తెలివి మీద ఆధారపడాల్సి వచ్చిన మనిషి ఎదురుగా లేకపోయేసరికి, టిబ్స్ మామూలు డిటెక్టివ్‌గా మిగిలాడు. అరవై ఏళ్లు కావస్తున్నా మొదటి సినిమాను ఇంకా చూస్తున్నారు. మిగతా రెండూ ఎంతమందికి గుర్తున్నాయి?

1974లో 'ఫ్రీబీ అండ్ ద బీన్' ఈ జోడీని పూర్తి కామెడీలోకి లాగింది. అయితే ఆ తర్వాత వచ్చిన సినిమాలకు అచ్చు పోసింది మాత్రం 1982 డిసెంబర్‌లో వచ్చిన '48 అవర్స్'. దర్శకుడు వాల్టర్ హిల్. నిక్ నోల్టీ పోషించిన జాక్ కేట్స్ ఎవరితోనూ సరిపడని మొరటు పోలీసు. ఒక హంతకుడిని పట్టుకోవడానికి జైల్లో ఉన్న దొంగ రెగీ హామండ్‌ను 48 గంటల కోసం బయటకు తెస్తాడు. రెగీ పాత్రలో ఎడ్డీ మర్ఫీకి అది మొదటి సినిమా. టీవీ కామెడీ షోతో అప్పుడప్పుడే పేరొస్తున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు.

ఆ సినిమాలో అందరూ చెప్పుకునే సన్నివేశం బార్‌లో జరుగుతుంది. బార్ నిండా కౌబాయ్ టోపీల తెల్లవాళ్లు. రెగీ చేతిలో ఉన్నది జాక్ దగ్గర తీసుకున్న పోలీసు బ్యాడ్జ్ ఒక్కటే. నోటి బలంతో ఆ గదిని మొత్తం తన గుప్పిట్లోకి తెచ్చుకుంటాడు. ఎన్నిసార్లు చూసినా ఆ కొన్ని నిమిషాల్లో నాకు గుండె బిగుస్తుంది. ఎందుకంటే ఆ గదిలోవాళ్లకే కాదు, అప్పటి ప్రేక్షకులకూ ఈ కుర్రాడు ఎవరో సరిగా తెలియదు. గెలుస్తాడో, తన్నులు తింటాడో చెప్పలేని స్థితి అది.

ఇంకో సన్నివేశాన్ని జనం తక్కువగా తలుచుకుంటారు కానీ సినిమాకు ప్రాణం అదే. జాక్ అప్పటిదాకా రెగీని జాతి పేరుతో తిడుతూనే ఉంటాడు, ఇద్దరూ నడిరోడ్డు మీద పిడిగుద్దులు గుద్దుకుంటారు. ఆ తర్వాత జాక్ క్షమాపణ అడుగుతాడు, తన ఉద్యోగం తాను చేశానంటాడు. ఉద్యోగం పేరు చెబితే అన్నీ చెల్లిపోవని రెగీ జవాబిస్తాడు. అంతే, అక్కడితో వదిలేస్తారు. నవ్వులన్నీ నిలబడింది ఈ గట్టి నేల మీద.

ఎనిమిదేళ్లకు, 1990 జూన్‌లో 'అనదర్ 48 అవర్స్' వచ్చింది. అదే దర్శకుడు, అదే జోడీ. ఈ మధ్యలో మర్ఫీ హాలీవుడ్‌లోని అతి పెద్ద తారల్లో ఒకడయ్యాడు. మొదటి పోస్టర్ మీద నోల్టీ పేరు ముందుంటే, రెండోదాని మీద మర్ఫీ పేరు ముందుంది. కథ మీద కూడా ఆ మార్పు పడింది. రెగీ ఇప్పుడు ఏ గదిలోకి నడిచినా అతను గెలుస్తాడని టికెట్ కొన్నవాడికి ముందే తెలుసు. తారగా మారిన నటుడు ప్రమాదంలో ఉన్నాడని నమ్మించడం దర్శకుడికి పెద్ద పరీక్ష, ఈ సినిమా ఆ పరీక్ష దాటలేదు.

స్క్రీన్‌ప్లే కూడా పాత గీతల మీదే నడిచింది. మళ్ళీ 48 గంటల గడువు, మళ్ళీ బార్, మళ్ళీ జాక్ తిట్లు. మొదటి సినిమా విలన్ సోదరుడు పగ తీర్చుకోవడానికి వస్తాడు. కానీ క్షమాపణ చెప్పిన మనిషి మళ్ళీ అంతే కరుకుగా ఎందుకు ఉన్నాడో సినిమా చెప్పదు. స్నేహాన్ని కొనసాగించడం చేతకాక దాన్ని చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఆ క్షమాపణను కష్టపడి సంపాదించింది మొదటి సినిమా.

దీనికి తోడు ఎడిటింగ్ దెబ్బ. చాలా పెద్దగా తీసిన సినిమాను కోసి కోసి 95 నిమిషాలకు తెచ్చారు. చివర్లో అసలు దొంగగా బయటపడే పోలీసు పాత్ర కెహోను పోషించింది బ్రయాన్ జేమ్స్. ఆ పాత్ర మొదటి సినిమాలోనూ ఉంది కాబట్టి, ఆ మలుపుకు నిజంగా బలం ఉండాల్సింది. కోతల్లో అతని సన్నివేశాలు పోవడంతో, ముసుగు తీసినప్పుడు ఉలిక్కిపడటానికి ఏమీ మిగల్లేదు. వసూళ్లు అమెరికాలో 8 కోట్ల డాలర్లు, మొదటిదానికి దాదాపు సమానం. కానీ మధ్యలో టికెట్ ధరలు పెరిగాయి, ఖర్చు చాలా పెరిగింది.

డబ్బు లెక్కకూ కథ లెక్కకూ ఎప్పుడూ పొంతన ఉండదు. 1989లో వచ్చిన 'లీథల్ వెపన్ 2' అమెరికా వసూళ్లు 1987 నాటి మొదటి భాగం కంటే రెట్టింపును దాటాయి. అయినా తెర వెనక జరిగింది గమనించాలి. మొదటి సినిమా రాసిన షేన్ బ్లాక్, రెండోదాని డ్రాఫ్ట్‌లో హీరో రిగ్స్ చనిపోయేలా రాశాడు. చావు కోరుకునే మనిషి బతకడానికి కారణం దొరికాక కథ అయిపోయినట్టేనని అతనికి తెలుసు. స్టూడియోకు ఇంకా భాగాలు కావాలి. డ్రాఫ్ట్ మార్చారు, హాస్యం పెంచారు, వాగుడుకాయ పాత్రలో జో పెషీని చేర్చారు. ఆ తర్వాత భాగానికో కొత్త మనిషి చేరుతూ పోయాడు, రిగ్స్ లోపలి చీకటి తగ్గుతూ పోయింది.

'రష్ అవర్' మూడు భాగాలు వరసగా చూస్తే ఇంధనం ఎలా అయిపోతుందో స్పష్టంగా కనిపిస్తుంది. 1998లో హాంకాంగ్ పోలీసు జాకీ చాన్ లాస్ ఏంజెలెస్‌లో పరాయివాడు. 2001లో పరిస్థితి తిరగబడి, హాంకాంగ్‌లో అతని జోడీ, లాస్ ఏంజెలెస్ పోలీసు క్రిస్ టక్కర్ పరాయివాడయ్యాడు. 2007లో ఇద్దరినీ పారిస్ పంపారు. ఇద్దరూ పరాయివాళ్లే అయినప్పుడు ఒకరికొకరు కొత్తగా చూపించుకునేది ఏముంది? అందుకే తెర మీద జరగని పాత గొడవ ఒకటి చెప్పి వాళ్లను విడదీశారు. ఖర్చు దాదాపు 14 కోట్ల డాలర్లు, అంటే మొదటిదానికి నాలుగింతలు. ప్రపంచవ్యాప్త వసూళ్లు మాత్రం సుమారు 26 కోట్లు, మొదటిది తెచ్చిన 24 కోట్లకు కాస్త ఎక్కువ.

దారి దొరికినవాళ్లూ ఉన్నారు. 2014 నాటి '22 జంప్ స్ట్రీట్' మొదటి భాగంలోని నొప్పిని చేతులు మార్చింది. పోలీసు జోడీలో అప్పుడు కొత్త స్నేహితులు దొరికింది ష్మిట్‌కు, ఇప్పుడు జెంకోకు. స్నేహం కుదిరాక అందులో పుట్టే అసూయే అక్కడ కథ. 2020 నాటి 'బ్యాడ్ బాయ్స్ ఫర్ లైఫ్' వయసును వాడుకుంది. జోడీలో తాత అయిన మార్కస్ ఇక చాలంటాడు, తూటా దెబ్బతిన్న మైక్ పగ తీరాలంటాడు. పదిహేడేళ్ల విరామమే వాళ్ల మధ్య కొత్త గొడవ తెచ్చింది. ఈ వరసలో ఎక్కువ వసూలు చేసిందీ అదే, దాదాపు 42 కోట్ల డాలర్లు.

జాక్, రెగీల దగ్గరా ఆ ఎనిమిదేళ్లు ఉన్నాయి. మొదటి సినిమా చివర్లో రెగీ తన లైటర్ కొట్టేశాడని జాక్ గమనించి తిరిగి అడుగుతాడు. దొంగ దొంగగానే ఉన్నా, పోలీసు దాన్ని కోపం లేకుండా అడగడంలో వాళ్ల స్నేహం కనిపిస్తుంది. రెండో సినిమా చివర్లో రెగీని అంబులెన్స్ ఎక్కిస్తారు. అది వెళ్లిపోయాక జాక్ జేబు తడుముకుంటాడు. లైటర్ లేదు.