మాక్రో ప్రాసెసర్ల చరిత్ర: అపోహలు - వాస్తవాలు

నేను కంపైలర్ల మీద, అంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. టీమ్‌లో కొత్తగా చేరే పిల్లల్ని మాక్రో అంటే ఏమిటని అడిగితే, చాలామంది సి భాషలోని హ్యాష్ డిఫైన్ (#define) గురించే చెబుతారు. వాళ్ల తప్పేం లేదు, పాఠాల్లో అది అర పేజీలో అయిపోతుంది. కొంత కోడ్‌కు ఒక పేరు పెట్టుకుంటే, ఆ పేరు రాసినచోటల్లా అసలు కోడ్ వచ్చి చేరడమే స్థూలంగా మాక్రో; ఆ పని చేసిపెట్టే ప్రోగ్రాము మాక్రో ప్రాసెసర్. కానీ దాని వెనకున్న కథ చాలా పెద్దది. నాకు ఎంతో ఇష్టమైనది కూడా.

అపోహ: మాక్రోలు సి భాషతో పుట్టాయి.

సికి ప్రీప్రాసెసర్ (కంపైలర్ కంటే ముందు కోడ్ మీద పనిచేసి మాక్రోలను విప్పే భాగం) వచ్చింది 1972-73 ప్రాంతంలో. అలన్ స్నైడర్ పట్టుబట్టడం ఒక కారణం, బీసీపీఎల్, పీఎల్/1 భాషల్లో ఫైళ్లను కలుపుకునే సదుపాయం అప్పటికే ఉండటం ఇంకో కారణం. మొదట్లో దాని మాక్రోలకు ఆర్గ్యుమెంట్లే (పిలిచేటప్పుడు అందించే విలువలు) లేవు. మైక్ లెస్క్, ఆ తర్వాత జాన్ రైజర్ వాటిని చేర్చారు. అయితే యంత్రం ఆదేశాలను ఒక్కొక్కటిగా రాసే ఎసెంబ్లీ భాష వాడేవాళ్లు 1950ల నుంచే మాక్రోలు వాడుతున్నారు. అప్పటి ఐబీఎం 704 కంప్యూటర్ మీద రెండు సంఖ్యలు కూడి దాచాలంటే మూడు ఆదేశాలు రాయాలి: మొదటిదాన్ని తెచ్చుకో, రెండోది కలుపు, ఫలితం దాచు. రోజూ వందసార్లు రాసే ఈ మూడు లైన్లకు ఒక పేరు పెట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది కదా!

అపోహ: మాక్రో, సబ్‌రొటీన్ ఒకటే.

కావు. సబ్‌రొటీన్ అంటే ఒకసారి రాసిపెట్టి, కావాల్సినప్పుడల్లా పిలుచుకునే కోడ్. కేంబ్రిడ్జిలో 1949లో నడవడం మొదలైన ఎడ్‌శాక్ యంత్రం మీద డేవిడ్ వీలర్ సబ్‌రొటీన్‌లోకి వెళ్లి, పిలిచిన చోటికే తిరిగొచ్చే పద్ధతి చూపించారు. అక్కడ కోడ్ మెమరీలో ఒక్కచోటే ఉంటుంది. మాక్రో అలా కాదు, పిలిచిన ప్రతిచోటా దాని కోడ్ కొత్తగా పరుచుకుంటుంది. వెళ్లి రావడానికి పట్టే టైమ్ మిగులుతుంది, మెమరీ మాత్రం ఎక్కువ పడుతుంది. 704 మెమరీ ఎంత పెంచినా 32,768 పదాలకు మించదు, కాబట్టి అప్పటివాళ్లు ప్రతి మాక్రోకూ లెక్క వేసుకోవాల్సి వచ్చేది.

అపోహ: మాక్రో అంటే ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడమే.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. 1959లో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ ఈస్ట్‌వుడ్, డగ్లస్ మెకిల్‌రాయ్ 704 ఎసెంబ్లర్‌కు (ఎసెంబ్లీని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాముకు) షరతులతో నడిచే మాక్రోలను, తమను తామే పిలుచుకునే మాక్రోలను చేర్చారు. షరతు, రికర్షన్ రెండూ వచ్చాక అది వట్టి సంక్షిప్త రాత కాదు, మన ప్రోగ్రామును మనకోసం రాసిపెట్టే ఇంకో ప్రోగ్రాము. ఆ మరుసటి ఏడాదే మెకిల్‌రాయ్ ఒక వ్యాసంలో ఈ ఆలోచనను ఎసెంబ్లీ దాటించి కంపైలర్ భాషలకూ విస్తరించారు.

1965లో క్రిస్టఫర్ స్ట్రాచీ ప్రచురించిన జీపీఎం (జనరల్ పర్పస్ మాక్రోజనరేటర్) ఇంకా ముందుకెళ్లింది. సీపీఎల్ అనే భాష కంపైలర్ పనికోసం తయారైన ఈ మాక్రో జనరేటర్‌కు ఎసెంబ్లీతో సంబంధమే లేదు, అక్షరాల వరుస ఏదైనా ఇవ్వొచ్చు. అందులో ఒక అంకెకు తర్వాతి అంకెను కనుక్కునే మాక్రో చూసి తీరాలి. కూడిక ఎక్కడా ఉండదు. 2 నుంచి 10 దాకా సంఖ్యలను వరుసగా ఆర్గ్యుమెంట్లుగా ఇస్తాడు. మనం 3 ఇస్తే, 'మూడో ఆర్గ్యుమెంటు తీసుకో' అనే చిన్న మాక్రో అక్కడికక్కడే తయారవుతుంది. మూడో ఆర్గ్యుమెంటు 4. అంతే! మొదటిసారి అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

అపోహ: మాక్రోలు ప్రమాదకరం, వాడకపోవడమే మంచిది.

భయం నిజమే. ఇచ్చినదాన్ని దానితోనే గుణించి వర్గం కట్టే మాక్రోను బ్రాకెట్లు లేకుండా రాసి 3 + 1 ఇస్తే, అది 3 + 1 × 3 + 1 అయి, గుణకారమే ముందు జరిగి, 16 రావాల్సిన చోట 7 వస్తుంది. అయితే ఇది ప్రోగ్రామును అక్షరాలుగా మాత్రమే చూసే మాక్రోల లోపం. 1963లోనే టిమోతీ హార్ట్ లిస్ప్ భాషకు మాక్రోలు ప్రతిపాదించారు. అక్కడ మాక్రోకు అందేది వట్టి అక్షరాలు కాదు, ప్రోగ్రాము నిర్మాణమే. 3 + 1 ఒకే ముక్కగా వస్తుంది కాబట్టి పై తప్పు జరగదు. మాక్రోలో వాడిన పేరు, ప్రోగ్రాములోని పేరు ఒకటే అయి ఒకదానికొకటి తగిలే సమస్య మాత్రం ఉండిపోయింది. దానికి హైజీనిక్ మాక్రోల పద్ధతి 1986లో వచ్చింది.

అపోహ: ఇదంతా పాత సామాను.

1977లో కెర్నిగన్, రిచీ రాసిన ఎం4 అనే మాక్రో ప్రాసెసర్ జీపీఎం బాటలోదే. సాఫ్ట్‌వేర్‌ను ఏ కంప్యూటర్‌కు తగ్గట్టు ఎలా బిల్డ్ చేయాలో చూసుకునే స్క్రిప్టులను తయారుచేసే ఆటోకాన్ఫ్ దాని మీదే నడుస్తుంది. ఆటోకాన్ఫ్ వాడే ప్యాకేజీని సోర్సు నుంచి బిల్డ్ చేసేటప్పుడు, ముందు అందులోని కాన్ఫిగర్ ఫైలు తెరిచి చూడండి. వేల లైన్ల ఆ షెల్ స్క్రిప్టును ఎవరూ కూర్చుని టైపు చేయలేదు, ఎం4 రాసిపెట్టింది.