హెన్రీ లారెన్స్ బానిసత్వాన్ని వ్యతిరేకించాడా? అపోహలు, వాస్తవాలు

సౌత్ కరోలినాలో హైస్కూల్ పిల్లలకు చరిత్ర చెబుతాను. హెన్రీ లారెన్స్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి ఈ రాష్ట్ర నాయకుడు. ప్రాజెక్టుల సీజన్‌లో మార్కులు తగ్గగానే మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "లారెన్స్ బానిసత్వాన్ని వ్యతిరేకించాడని మా అబ్బాయి రాసింది తప్పేంటండీ, ఆయన ఉత్తరంలోనే ఉందిగా?" వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. 1776 ఆగస్టు 14న కొడుకు జాన్‌కు రాసిన ఉత్తరంలో బానిసత్వమంటే అసహ్యమని నిజంగానే అన్నాడు. నెట్‌లో తిరిగేది ఆ ఒక్క ముక్కే.

అదే ఉత్తరంలో తన బానిసలను వేలం వేస్తే 20,000 పౌండ్లు వస్తాయని లెక్క కూడా కట్టాడు. వాళ్లను బానిసలు చేసింది నేను కాదు, ఇంగ్లిష్‌వాళ్లు అన్నాడు. కానీ చార్లెస్టన్‌లో ఆయన భాగస్వామిగా ఉన్న ఆస్టిన్ అండ్ లారెన్స్ సంస్థ 1750లలో 8,000 మందికి పైగా ఆఫ్రికన్లను అమ్మిపెట్టి కమిషన్ తీసుకుంది. సియెర్రా లియోన్‌లోని బన్స్ దీవి నుంచి బానిసలను పంపిన బ్రిటిష్ వ్యాపారి రిచర్డ్ ఆస్వాల్డ్‌కు ఇక్కడ ఏజెంట్ ఈయనే. 1760లలో ఆ వ్యాపారం మానుకున్నా, మెప్కిన్ తోటలో వరి, నీలిమందు పండించింది బానిసలే. చాలామందిని విడుదల చేస్తానన్న మాట ఏ కొద్దిమంది దగ్గరో ఆగిపోయింది.

1782 నవంబరు చివర్లో పారిస్‌లో అమెరికా, బ్రిటన్‌ల శాంతి ఒప్పందం దాదాపు ఖాయమయ్యాక అమెరికా తరఫున లారెన్స్ వచ్చాడు. వెళ్లిపోయే బ్రిటిష్ సైన్యం నీగ్రోలను గానీ, ఇతర ఆస్తిని గానీ తీసుకుపోకూడదని షరతు చేర్పించాడు. మనుషుల్ని ఆస్తి లెక్కలోనే వేశారు. బ్రిటన్ తరఫున ఎదురుగా కూర్చున్నది ఆ ఆస్వాల్డే. అంతకుముందు బ్రిటిష్‌వాళ్లు లారెన్స్‌ను ఖైదు చేసినప్పుడు, లండన్ టవర్ జైలు నుంచి విడిపించేందుకు జామీనుగా నిలిచిందీ ఆస్వాల్డే.

బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి సైన్యంలో చేర్చుకోవాలని పట్టుబట్టిన జాన్ ఆ 1782 ఆగస్టులోనే యుద్ధంలో చనిపోయాడు. ఆ కబురు తండ్రికి చేరింది కూడా ఆ నవంబరులోనే. "కొడుకు మాట అసలు విన్నాడా?" అని క్లాసులో ఒకమ్మాయి కళ్లనీళ్లతో అడిగింది. విన్నాడు. 1779లో కాంగ్రెస్‌లో, అంటే అప్పటి అమెరికా రాష్ట్రాల ప్రతినిధుల సభలో, ఆ ప్రతిపాదనను సమర్థించాడు. సౌత్ కరోలినా అసెంబ్లీయే ఒప్పుకోలేదు. ఇది కూడా రాయాల్సిందే.

మిగతా అపోహల సంగతి చకచకా చెప్పేస్తాను. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేయలేదు, ఆయన కాంగ్రెస్‌లోకి వచ్చిందే 1777లో. అధ్యక్షుడైంది ఆ కాంగ్రెస్‌కు, దేశానికి కాదు. బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌తో ఖైదీల మార్పిడి జరిగింది ఆ తర్వాతే; 1781 డిసెంబరు 31న జైలు నుంచి బయటికి వచ్చింది మాత్రం జామీను మీద. అవును, మన జమీందారీ పాఠాల్లోని కార్న్‌వాలిసే.

ఇక 1792లో ఆయన కోరిక మీద జరిగిన దహనం హిందూ ఆచారమన్న వాట్సాప్ పుకారు ఆపండి. బతికుండగానే పూడ్చేస్తారేమోనన్న భయమే దానికి కారణం.

మార్కులు తగ్గిన పిల్లలు దిద్ది మళ్లీ ఇవ్వవచ్చు. ఉత్తరం మొత్తం, ఒప్పందంలో నీగ్రోల గురించిన ఆ ఏడో షరతు, రెండూ చదివి రండి.