గో (Go) ప్రోగ్రామింగ్ భాషలో పాయింటర్ రిసీవర్లు, ఇంటర్‌ఫేస్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వేరియబుల్ మీద మెథడ్‌ను పిలిస్తే పనిచేస్తోంది కనుక ఆ టైప్ ఇంటర్‌ఫేస్‌ను (టైప్‌కు ఉండాల్సిన మెథడ్ల జాబితాను) అమలు చేసినట్టే.

వాస్తవం: కోడ్ రివ్యూల్లో నాకు పదే పదే ఎదురయ్యేదీ, అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ ఈ అపోహే. పాయింటర్ రిసీవర్‌తో (విలువ అడ్రస్‌ను అందుకునేలా) రాసిన మెథడ్‌ను మామూలు వేరియబుల్ మీద పిలిచినప్పుడు కంపైలరే దాని అడ్రస్ తీసి పంపుతుంది. ఆ సౌకర్యం పిలుపు వరకే. ఇంటర్‌ఫేస్ విషయంలో చూసేది మెథడ్ సెట్‌ను, అంటే ఆ టైప్‌కు చెందినవిగా భాష లెక్కించే మెథడ్లను. వాల్యూ టైప్ మెథడ్ సెట్‌లో వాల్యూ రిసీవర్ (విలువ కాపీని అందుకునే) మెథడ్లు మాత్రమే ఉంటాయి, పాయింటర్ టైప్ మెథడ్ సెట్‌లో రెండు రకాలూ ఉంటాయి. ఇంటర్‌ఫేస్‌లోకి చేరిన విలువ ఒక కాపీ. దాని అడ్రస్ తీసుకోవడానికి భాష ఒప్పుకోదు.

అలాంటి విలువను ఇంటర్‌ఫేస్‌కు ఇచ్చినప్పుడు కంపైలర్ ఎర్రర్ చూపిస్తే నిజానికి అది మేలే. కొత్తవారు ఆ ఎర్రర్ చూసి డిజైన్ మొత్తం తప్పిందని కంగారు పడతారు గానీ, చాలాసార్లు విలువకు బదులు దాని అడ్రస్ పంపితే సరిపోతుంది. భయపడవలసింది ఏ ఎర్రరూ రాని చోట. నేను రివ్యూ చేసిన ఒక ప్రాజెక్టులో, పాస్‌వర్డ్ లాగ్‌లో కనబడకూడదని కాన్ఫిగ్ స్ట్రక్ట్‌కు (సెట్టింగుల ఫీల్డులను కలిపి ఉంచే టైప్‌కు), అచ్చులో ఏం కనబడాలో చెప్పే స్ట్రింగ్ మెథడ్‌ను పాయింటర్ రిసీవర్‌తో రాశారు, లాగ్ చేసేటప్పుడు మాత్రం స్ట్రక్ట్‌ను విలువగానే పంపారు. అచ్చు వేసే ఎఫ్‌ఎంటీ (fmt) ప్యాకేజీ, స్ట్రింగ్ మెథడ్‌ను కోరే స్ట్రింగర్ ఇంటర్‌ఫేస్‌ను ఆ విలువ అమలు చేస్తుందో లేదో రన్ టైంలో చూసుకుంటుంది కనుక, మెథడ్ దొరకక ఫీల్డులన్నీ ఉన్నవి ఉన్నట్టుగా, పాస్‌వర్డ్‌తో సహా, అచ్చు వేసింది. కంపైల్ అయింది, టెస్టులూ పాసయ్యాయి, ఎందుకంటే టెస్టుల్లో ఆ మెథడ్‌ను వేరియబుల్ మీద నేరుగా పిలిచారు. జేసన్‌గా (JSON, డేటాను పాఠంగా రాసే పద్ధతి) మార్చేందుకు రాసిన సొంత మెథడ్ కూడా ఇలాగే మౌనంగా పక్కకు పోతుంది. చదవడానికే పరిమితమైన ఇటువంటి మెథడ్లకు వాల్యూ రిసీవర్ వాడండి. అండర్‌స్కోర్ పేరుతో స్ట్రింగర్ టైప్ వేరియబుల్ ఒకటి ప్రకటించి దానికి ఖాళీ కాన్ఫిగ్ విలువను ఇస్తే, ఎవరైనా తర్వాత రిసీవర్‌ను మార్చినా కంపైలరే పట్టుకుంటుంది.

అపోహ: పాయింటర్ ఎప్పుడూ వేగమే.

వాస్తవం: ఇది ఎవరో చెప్పగా విని అందరూ తిప్పి చెప్పే మాట. చిన్న స్ట్రక్ట్ కాపీకి ఖర్చు తక్కువ. పాయింటర్ వల్ల విలువ హీప్ అనే మెమరీ భాగంలోకి చేరి, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ పని పెరగవచ్చు. కొలిచి చూడకుండా మార్చకండి.

అపోహ: వాల్యూ రిసీవర్ ఎక్కడైనా సురక్షితమే.

వాస్తవం: స్ట్రక్ట్‌లో మ్యూటెక్స్ (ఒకేసారి ఒకరే డేటాను ముట్టుకునేలా చేసే తాళం) ఉంటే ప్రతి పిలుపుకూ తాళమే కాపీ అవుతుంది, రక్షణ పోతుంది. గోతో వచ్చే కోడ్ తనిఖీ సాధనం గో వెట్ దీన్ని చూపిస్తుంది. ఆ హెచ్చరికను దాటవేయకండి.