లివర్‌పూల్ కూలీ వయసు 15: ఒక మురికి నగరం వెనక కథ

1842లో ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి బ్రిటన్‌లో కూలి జనం బతుకుల మీద తయారుచేసిన నివేదికలో ఒక పట్టిక ఉంది. ఏ ఊళ్లో ఏ వర్గం వాళ్లు సగటున ఎన్నో ఏట చనిపోతున్నారో అందులో చూపించారు. పొలాలు తప్ప ఫ్యాక్టరీలు పెద్దగా లేని రట్లాండ్‌లో కూలీల సగటు 38 ఏళ్లు. లివర్‌పూల్‌లో కలవారిది 35, కూలీలది 15. పల్లెలో కూలీకి ఉన్న ఆయుష్షు నగరంలో దొరకు కూడా లేదన్నమాట.

ఈ లెక్కను కొంచెం జాగ్రత్తగా చదవాలి. పదిహేనేళ్లకే అందరూ పోయేవారని కాదు. పురిట్లో, ఉయ్యాల్లో పోయిన పసిపిల్లల చావులు సగటును కిందికి లాగేశాయి. పనికోసం వచ్చిన కుర్రకారుతో నిండిన ఊళ్లో చావు వయసు సగటు తక్కువగానే కనిపిస్తుంది కూడా. అయితే గణాంక శాఖలో పనిచేసిన విలియం ఫార్ ఇంతకంటే పద్ధతిగా వేసిన లెక్కలోనూ లివర్‌పూల్‌లో పుట్టిన బిడ్డకు ఆశించదగ్గ ఆయుష్షు 26 ఏళ్లే. లండన్ పక్కన, పల్లెలు ఎక్కువున్న సర్రేలో అది 45.

ఊరు అంత వేగంగా పెరిగింది మరి. 1801లో 80 వేల దగ్గర ఉన్న జనాభా 1851 నాటికి మూడు లక్షల డెబ్బై వేలు దాటింది. పత్తి ఓడలు దిగే రేవు, దాని చుట్టూ రోజుకూలీ. వాళ్ల కోసం ఇళ్ల యజమానులు ‘కోర్టులు’ కట్టించారు. పేరు విని న్యాయస్థానం అనుకోకండి, అవి ఇరుకు సందులు. రెండు వైపులా గోడకు గోడ ఆనించిన ఇళ్లు, ఒక చివర మూసేసి ఉంటుంది, సందు మొత్తానికి ఒకటో రెండో మరుగుదొడ్లు. 1840 ప్రాంతంలో ఇలాంటివి 2,200కు పైగా ఉండేవి. అంతకంటే అధ్వానం నేలమాళిగలు. అవి 7,800కు పైనే. వాటిలో కాపురముండేవాళ్లు పదుల వేలమంది. పై ఇళ్ల మురుగు గోడల్లోంచి కారి కిందికి దిగుతుంటే అందులోనే వంట, అందులోనే పడక. నీళ్లు ప్రైవేటు కంపెనీల సరుకు, అదీ రోజులో కాసేపే.

అలాంటి ఊరికి 1832లో కలరా వచ్చింది. తెలంగాణలో గత్తర అనేవారే, అదే. 1817లో బెంగాల్‌లో ముదిరి, దేశదేశాలు తిరిగి, 1831లో సండర్లాండ్ రేవులో ఇంగ్లండ్ గడ్డ మీద కాలుపెట్టింది. లివర్‌పూల్‌లో జనం రోగం కంటే డాక్టర్లకు ఎక్కువ భయపడ్డారు. రోగుల్ని చంపి శవాలు కోస్తారని పుకారు పుట్టింది. ఆసుపత్రి మీద, డాక్టర్ల మీద రాళ్లు రువ్వారు. మూఢజనం అని తీసిపారేయడం తేలికే గానీ, ఆరేళ్ల కిందట అదే ఊరి రేవులో పీపాల్లో ఉప్పు వేసి కుక్కిన శవాలు దొరికాయి. వైద్య విద్యార్థుల కోత కోసం సమాధుల్లోంచి తవ్వి తీసినవి.

డాక్టర్లను నమ్మని ఆ వీధుల్లోనే కిట్టీ విల్కిన్సన్ అనే ఐర్లండ్ ఆమె ఉండేది. బట్టలుతికి బతికే మనిషి. ఆమె ఇంట్లో నీళ్లు మరగబెట్టే పెద్ద కాగు ఉంది. కలరా ఇళ్లలోని దుప్పట్లు, పక్కబట్టలు తెచ్చి ఇక్కడ మరిగించుకోండి అని ఇరుగుపొరుగును పిలిచింది. రోగానికి కారణమేమిటో ఆమెకు తెలియదు, అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ కాగు చలవే పదేళ్ల తర్వాత, 1842లో, ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో మున్సిపాలిటీ తెరిచిన స్నానశాల, చాకిరేవు. కొన్నేళ్లకు దాన్ని నడిపే బాధ్యత కూడా ఆమెకూ ఆమె భర్తకూ అప్పగించారు.

1846లో లివర్‌పూల్ తనకంటూ ఒక పారిశుధ్య చట్టం తెచ్చుకుంది. మరుసటి ఏడాది విలియం డంకన్ ఊరి ఆరోగ్యాధికారి అయ్యాడు. బ్రిటన్‌లో ఆ ఉద్యోగం చేసిన మొదటివాడు ఆయనే. జేమ్స్ న్యూలాండ్స్ ఇంజినీరుగా చేరి ఊరు మొత్తాన్ని కొలిచి, పటం గీసి, భూగర్భ డ్రైనేజీకి ప్లాను వేశాడు. డంకన్ కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే, 1847లో, కరవు తప్పించుకుని ఐర్లండ్ నుంచి దాదాపు మూడు లక్షలమంది రేవులో దిగారు. వాళ్ల వెంట టైఫస్ జ్వరం. రోగుల దగ్గరికి వెళ్లిన కాథలిక్ ఫాదర్లే పదిమంది చనిపోయారు. నేలమాళిగలు ఖాళీ చేయించమని డంకన్ పట్టుబట్టాడు. వేలమందిని బయటికి పంపారు, ఎక్కడికి వెళ్లాలో మాత్రం చెప్పలేదు. వాళ్లు పోయి అప్పటికే కిక్కిరిసిన కోర్టుల్లో దూరారు. రెండేళ్లు తిరక్కుండానే కలరా మళ్లీ వచ్చి ఆ ఊళ్లో 5 వేలమందికి పైగా పొట్టన పెట్టుకుంది.

చాడ్విక్, డంకన్ లాంటివాళ్లంతా కుళ్లు కంపు కలిసిన చెడుగాలే రోగమని నమ్మారు. అది తప్పు. కలరా నీళ్లలో వస్తుందని 1854లో జాన్ స్నో లండన్‌లో చూపించినా చాలాకాలం పెద్దలు ఒప్పుకోలేదు. కాని కంపు పోవాలని వేసిన డ్రైనేజీ రోగం మీదా పనిచేసింది. అందుకే ఆలస్యానికి నేరం సైన్సు మీద వేయడం నాకు సబబుగా తోచదు. తెలిసిన మేరకైనా చేయడానికి అడ్డుపడింది ఇంటి పన్ను. మున్సిపల్ ఓటు పన్ను కట్టేవాళ్లదే. కాలువలు తవ్వితే పన్ను పెరుగుతుంది, మేలు అద్దెకున్నవాడికి. 1848 ప్రజారోగ్య చట్టం కూడా వెయ్యికి 23 చావులు దాటిన చోటే పైనుంచి బలవంతం చేయగలిగేది. స్థానికుల కోపం ముదిరి 1854లో, ఆ చట్టం అమలు చూసే బోర్డులో ఉన్న చాడ్విక్‌నే ఇంటికి పంపారు.

లివర్‌పూల్ నీళ్ల గొడవా ఇంతే. ప్రైవేటు కంపెనీలను కొనేసి, రివింగ్టన్ పైక్ అనే కొండ దగ్గరి నుంచి నీళ్లు తెద్దామని మున్సిపాలిటీ అనేసరికి ఊరు రెండుగా చీలింది. పైక్ వర్గం, పైక్ వ్యతిరేక వర్గం అనే పేర్లతోనే ఎన్నికల్లో కొట్టుకున్నారు. చివరికి 1857లో నీళ్లొచ్చాయి. 1859లో కాట్రిన్ సరస్సు నీళ్లు తెచ్చుకున్న గ్లాస్గోలో 1866 కలరా దాదాపు తలదూర్చలేకపోయింది. అదే ఏడాది, శుద్ధి చేయని నీళ్లను కంపెనీ కుళాయిల్లోకి వదిలిన తూర్పు లండన్‌లో వేలమంది పోయారు.

రివింగ్టన్ నీళ్లూ చాలక లివర్‌పూల్ 1880లలో వేల్స్ కొండల్లో వెర్న్వీ నది మీద ఆనకట్ట కట్టింది. లాన్‌వుథిన్ అనే ఊరు ముంపులో పోయింది. 37 ఇళ్లు, 10 వ్యవసాయ క్షేత్రాల ఇళ్లు, మూడు సత్రాలు, ప్రార్థన మందిరాలు. చర్చి పెరట్లోని ఎముకల్ని తవ్వితీసి, మున్సిపాలిటీ ఖర్చుతో పైన కట్టిన కొత్త చర్చి దగ్గర మళ్లీ పూడ్చిపెట్టారు. అక్కడి నుంచి లివర్‌పూల్ వైపు నీళ్లు నడిచిన దారి 68 మైళ్లు.