సముద్రం వేడి: బకెట్ నుంచి ఉపగ్రహం దాకా

విశాఖ ఫిషింగ్ హార్బర్ బోట్లకు చేపలు ఎటువైపు ఉండవచ్చో చెప్పే సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం నుంచి వస్తుంది. చల్లటి నీరు, వెచ్చటి నీరు ఒరుసుకునే చోట మేత పోగవుతుంది, మేత ఉన్నచోటికి చేప చేరుతుంది. ఆ హద్దును పట్టించే ఆధారాల్లో ముఖ్యమైనది ఉపగ్రహం చెప్పే నీటి ఉష్ణోగ్రత. అయితే ఉపగ్రహం నీటిలో వేలు పెట్టి చూడలేదు. చిక్కంతా అక్కడే.

పూర్వం ఓడ మీది నుంచి బకెట్ దించి, తోడిన నీటిలో థర్మామీటర్ ముంచేవారు. గుడ్డ బకెట్ మన మట్టికుండ చేసే పనే చేసేది. తేమ ఆవిరై, అంకె రాసుకునేలోపే నీరు చల్లబడేది. తర్వాత ఇంజిన్ కోసం లోపలికి తీసుకునే నీటిని కొలిచారు. అందులో ఇంజిన్ గది వేడి కలిసేది. పైగా ఓడ వెళ్లిన దారి తప్ప మిగతా సముద్రం సంగతి తెలిసేది కాదు. అలాంటి రోజుల్లోనే, 1950లలో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరంలో అడుగునున్న చల్లటి నీరు పైకి ఉబికి వస్తుందని గుర్తించారు. ఓపిక అంటే అది.

1981లో అమెరికా పంపిన నోవా-7 ఉపగ్రహంతో కథ మలుపు తిరిగింది. సముద్రం వెలువరించే పరారుణ కిరణాలను, అంటే కంటికి కనబడని వేడి కిరణాలను, అది 11, 12 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యాల దగ్గర విడివిడిగా కొలిచేది. గాలిలోని నీటి ఆవిరి రెండోదాన్ని ఎక్కువగా మింగేస్తుంది. రెండింటి తేడా చూస్తే ఆవిరి ఎంత దొంగిలించిందో లెక్క తేలుతుంది. చెమట ఆరని విశాఖ గాలికి ఈ దిద్దుబాటు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఇంతా చేసి ఆ కిరణాలు వచ్చేది వెంట్రుక మందం కూడా లేని పైపొర నుంచి. అందుకే ఈ సూత్రాలను నీటిలో తేలే బోయాల థర్మామీటర్లతో సరిచూస్తారు.

మరుసటి ఏడే ఎదురుదెబ్బ తగిలింది. 1982లో మెక్సికోలో ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలి, గంధకపు తుంపరలు పై వాతావరణంలో పరుచుకున్నాయి. వాటి చాటున సముద్రం ఉన్నదానికంటే చల్లగా కనిపించింది. పసిఫిక్ వేడెక్కిందని ఓడలు పంపిన అంకెలను నమ్మశక్యం కానివని కంప్యూటర్లు తోసిపుచ్చాయి. పసిఫిక్ నీరు మామూలు కంటే వేడెక్కే ఎల్‌నినోల్లో శతాబ్దపు అతిపెద్దవాటిలో ఒకటి అలా చాలా కాలం ఎవరి కంటా పడలేదు. ఓడల, బోయాల కొలతలను ఉపగ్రహ చిత్రాలతో కలిపి వాడే పద్ధతి ఆ తర్వాతే గట్టిపడింది.

ఇక మేఘాలు. పరారుణ కిరణాలు వాటిని దాటలేవు. సూక్ష్మ తరంగాలు (మైక్రోవేవ్) దాటగలవు. మన భాస్కర-1 (1979), ఓషన్‌శాట్-1 (1999) అలాంటి పరికరాలనే మోసుకెళ్లాయి. కాకపోతే వాటి చూపు మొద్దు, చిత్రంలో ఒక్కో చుక్క పదుల కిలోమీటర్ల మేర ఉంటుంది. తీరం దగ్గర నేల నుంచి వచ్చే తరంగాలు కలిసిపోయి అంకె చెడుతుంది. అంటే చిన్న పడవలు తిరిగే మేరకు పరారుణమే దిక్కు.

దానికి అనువైనది ఆకాశం తేటగా ఉండే వేసవి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరపడవలు హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి. అవి మళ్లీ కదిలేసరికి నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి.