చింతమాన్లు కొడితే వాన తగ్గుతుందా? అనంతపురం గొడవ వెనక కథ

రోడ్డు వెడల్పు చేయాలని చింతమాన్లకు గొడ్డలి తగిలిన ప్రతిసారీ అనంతపురంలో ఇదే వాదన లేస్తుంది. మాన్లు పోతే వానా పోతుందని ఒక వర్గం, మోడం వచ్చేది సముద్రం నుంచి గానీ మీ చింతమాను నుంచి కాదని ఇంకో వర్గం. వానచాటు ప్రాంతం, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, కరువుల చరిత్ర అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను.

రెండో వర్గం మాటకు పాత బలమే ఉంది. 1910లో, వాతావరణ శాఖ అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, అడవులు నరకడం వల్ల దేశంలో వానలు తగ్గాయనడానికి ఆధారం లేదని తేల్చాడు. వాన ఉంటే చెట్టు బతుకుతుంది, అంతేగానీ చెట్టు వాన తేదు అన్నది చాలాకాలం పెద్దల మాటగా నడిచింది.

దాన్ని తిరగేసింది 1979. బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనేయాస్ సలాటి బృందం అట్లాంటిక్ తీరం నుంచి అమెజాన్ అడవి లోపలి దాకా పడే వాననీళ్లు పట్టి, వాటిలో ఆక్సిజన్‌లోని కాస్త బరువైన రకం ఎంతుందో కొలిచింది. ఆ రకం ఉన్న బరువైన నీళ్లు ముందుగా రాలిపోతాయి కాబట్టి లోపలికి పోయేకొద్దీ దాని వాటా బాగా పడిపోవాలి, కానీ అనుకున్నంత పడలేదు. ఎందుకంటే కురిసిన నీళ్లను వేర్లు తాగుతున్నాయి, ఆకులు ఆవిరిగా వదులుతున్నాయి, అవే నీళ్లు ఇంకాస్త లోపల మళ్లీ కురుస్తున్నాయి. అక్కడి వానలో దాదాపు సగం ఇలా తిరిగొచ్చిందేనని లెక్క తేలింది. నన్నడిగితే అసలు మలుపు ఇదే. అప్పటిదాకా నమ్మకాల మీద కొట్లాడుకున్నారు, ఆ తర్వాత కొలతల మీద కొట్లాడాల్సి వచ్చింది.

మన దేశానికీ ఐఐటీ బొంబాయి పరిశోధకులు ఇలాంటి లెక్కలు కట్టారు. తిరిగొచ్చే వాన ఎక్కువ కనబడింది గంగా మైదానంలో, ఈశాన్యంలో. అదీ ఋతుపవనాల చివర్లో, నేల నాని పచ్చదనం నిండాక. అనంతపురానికి వాన ఎక్కువ పడేదీ సెప్టెంబర్‌లోనే అని గుర్తుపెట్టుకోండి. మరి మన నేల మీద ఏముంది? కొర్ర, జొన్న, ఆముదం, కంది కలిపి వేసే సేద్యం పోయి శెనక్కాయ ఒక్కటే లక్షల ఎకరాలకు పాకింది. కంది అయితే సంక్రాంతి దాకా చేలో పచ్చగా నిలబడేది. శెనక్కాయ పీకేశాక మళ్లీ విత్తనం పడేదాకా ఎర్రనేల బోడిగా ఎండుతుంది. ఇక ఎండాకాలంలో గాలికి కాస్త తేమ ఇచ్చేవి గట్ల మీద వేపలు, రోడ్ల పక్క చింతలు, కానుగలే. జనానికి వాటి మీద అంత పట్టుదల ఊరికే రాలేదు.

ఒక రోడ్డు మాన్లతో జిల్లా వాన మారిపోదు, నిజమే. ఆకు వదిలిన తేమ గాలి వెంట ఎక్కడికో పోతుంది, అదీ నిజమే. రోడ్డు కావాలనేవాళ్లు ఇక్కడికే ఆపేస్తారు. గాలి మన తేమను తీసుకుపోతే, అది వచ్చే వైపు నుంచి ఎవరి తేమనో మనకు తేవాలి కదా? 2018లో అదే ఐఐటీ పరిశోధకులు పడమటి కనుమల అడవుల తేమ తమిళనాడు నైరుతి వానల్లో పెద్ద వాటా అని, వాన తక్కువైన ఏళ్లలో ఆ వాటా ఇంకా పెరుగుతుందని చూపించారు. నైరుతి గాలి మనదాకా వచ్చేదీ ఆ కనుమలు దాటుకునే. ఆ కనుమల వాగుల నీళ్లను తూర్పు కర్ణాటకకు మళ్లించే ఎత్తినహొళె పథకం కోసం సకలేశపురం వైపు కనుమల అడవిలో పైపులు వేస్తున్నప్పుడు కర్ణాటకలో గొడవ జరిగింది, కోర్టుల దాకా పోయింది. మనవైపు మాత్రం ఆ అడవి గురించి పెద్దగా మాటే లేదు.