విండోస్ నుంచి లైనక్స్ డెస్క్‌టాప్: అపోహలు – వాస్తవాలు

అపోహ: విండోస్ కంప్యూటర్‌లో కూర్చుని, వేరేచోట ఉన్న లైనక్స్ డెస్క్‌టాప్‌ని తెరిచి వాడాలంటే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కొనక తప్పదు.

వాస్తవం: పైసా అక్కర్లేదు. విండోస్‌తోనే వచ్చే రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ చాలు. స్టార్ట్ మెనూలో ఎంఎస్‌టీఎస్‌సీ అని కొట్టండి, తెరుచుకుంటుంది. అవతల లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో, ఆప్ట్ అనే ప్యాకేజీ కమాండ్‌తో ఎక్స్‌ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వర్) వేస్తే 3389 పోర్టు, అంటే ఆ నంబరున్న నెట్‌వర్క్ ద్వారం, మీద జవాబిస్తుంది.

అపోహ: లాగిన్ కాగానే స్క్రీన్ నల్లబడితే నెట్ స్లో అన్నమాట.

వాస్తవం: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పెట్టె కనిపించిందంటేనే నెట్‌వర్క్ బాగున్నట్టు. చిక్కు ఆ తర్వాతి మెట్టులో ఉంది. ఎక్స్‌ఆర్‌డీపీ మామూలుగా మానిటర్ మీదున్న స్క్రీన్‌ని చూపించదు, ఆ యూజర్ పేరుతో కొత్త సెషన్ (లాగిన్ నుంచి లాగౌట్ దాకా నడిచే డెస్క్‌టాప్) మొదలుపెడుతుంది. అదే యూజర్ అప్పటికే మెషీన్ దగ్గర ఉబుంటు మామూలు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో ఉంటే రెండో గ్నోమ్ సరిగా లేవలేదు. క్షణంసేపు నల్లగా కనబడి కనెక్షన్ తెగిపోతుంది. మెషీన్ దగ్గర లాగౌట్ అయి మళ్లీ ప్రయత్నించండి. లాక్ చేస్తే సరిపోదు, సెషన్ బతికే ఉంటుంది. ఆటో లాగిన్ పెట్టుకున్నవాళ్లకు రీస్టార్ట్ చేసినా ఇదే గోల. అందుకే రిమోట్ పనికి వేరే యూజర్‌ని పెట్టుకోవడం మేలు.

అప్పటికీ రాకపోతే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేసి, ఆ యూజర్ హోమ్ ఫోల్డర్‌లో డాట్‌తో మొదలయ్యే ఎక్స్‌సెషన్ ఫైల్‌లో ‘ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్’ అని ఒక్క లైను రాయండి. నెట్ నెమ్మదిగా ఉన్నచోట గ్నోమ్ కంటే ఇదే హాయి. కారణం వెతకాలంటే వార్ ఫోల్డర్‌లో ఉండే లాగ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఆర్‌డీపీ-సెస్‌మాన్ లాగ్ చూడండి. ఊహల మీద ప్యాకేజీలు తీసి వేయడం కంటే అందులో చివరి 20 లైన్లు చదవడం నయం.

అపోహ: ఆఫీసులో తెరిచి వదిలేసిన విండోలు ఎక్స్‌ఆర్‌డీపీలో అలాగే కనిపిస్తాయి.

వాస్తవం: అలా కావాలంటే గ్నోమ్ సొంత రిమోట్ డెస్క్‌టాప్ వాడాలి. ఉబుంటు 22.04 సెట్టింగ్స్‌లో షేరింగ్ కింద ఉంటుంది. దీనికి లాగిన్ అయిన సెషన్ ఉండి తీరాలి. పాస్‌వర్డ్ కీరింగ్‌లో (పాస్‌వర్డులు దాచే తాళం పెట్టెలో) ఉంటుంది కాబట్టి, ఆటో లాగిన్‌లో కీరింగ్ తాళం తెరుచుకోక కనెక్షన్ కుదరదు. 24.04లో ఎవరూ లాగిన్ కాకపోయినా పనిచేసే రిమోట్ లాగిన్ వేరుగా ఇచ్చారు. ఇవీ ఎక్స్‌ఆర్‌డీపీ కూడా 3389నే అడుగుతాయి. ఒక్కదాన్నే ఉంచండి.

అపోహ: స్క్రీన్‌ని దూరం నుంచి చూపే మరో పద్ధతి వీఎన్‌సీకి పొడవైన పాస్‌వర్డ్ పెట్టాం, భయం లేదు.

వాస్తవం: పాత తరహా వీఎన్‌సీ పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్క. మిగతావి ఎన్ని ఉన్నా వృథా.

అపోహ: రూటర్‌లో 3389 బదులు వేరే నంబరు తెరిస్తే ఎవరూ కనిపెట్టలేరు.

వాస్తవం: పోర్టులన్నీ వరసగా తట్టి చూసే స్కానర్లకు నంబరు మారితే ఏమవుతుంది? దయచేసి డెస్క్‌టాప్ పోర్టుని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకండి. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ వాడండి, అంటే లైనక్స్ మెషీన్‌కి గుప్తీకరించిన దారి. విండోస్ 10లో ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌కి ‘-ఎల్ 3390:లోకల్‌హోస్ట్:3389’ ఇచ్చి, వెనకే యూజర్, సర్వర్ అడ్రసు కొట్టండి. ఆ విండో మూయకుండా, ఎంఎస్‌టీఎస్‌సీలో లోకల్‌హోస్ట్:3390కి కనెక్ట్ అవ్వండి. ఇవతల 3389ని విండోస్ తన రిమోట్ డెస్క్‌టాప్ కోసం పట్టుకుని ఉండొచ్చు, అందుకే 3390.

అపోహ: విండోస్‌లో తెలుగు కీబోర్డు ఉంటే అవతల కూడా తెలుగు పడుతుంది.

వాస్తవం: సాధారణంగా అవతలికి వెళ్లేది ఏ మీట నొక్కారన్నదే, అక్షరం కాదు. లైనక్స్ వైపే ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీ వేసి ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్ అనే తెలుగు టైపింగ్ పద్ధతుల్లో మీ చేతికి అలవాటైనది ఎంచుకోండి. విండోస్ వైపు కీబోర్డుని ఇంగ్లిష్‌లోనే ఉంచండి.